తంగేడు చెక్క నుంచి టానింగ్ బెడ్ దాకా

(అమెరికాలో ఒక తెలుగు సంఘం ఏర్పాటు చేసిన ఆరోగ్య సదస్సులో చర్మవ్యాధుల వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్లలు ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఇవాళ నేను మాట్లాడేది ఎక్కువగా మీ కోసమే.

సంఘం వాళ్లు నన్ను షుగరు వల్ల చర్మానికి వచ్చే ఇబ్బందుల గురించి చెప్పమన్నారు. అది ఇంకోసారి తప్పకుండా చెబుతాను. టానింగ్ బెడ్ల గురించి మాట్లాడతానండీ అని నేనే అడిగి విషయం మార్పించుకున్నాను. యూవీ, అంటే అతినీలలోహిత కిరణాలిచ్చే దీపాల మధ్య పడుకుని ఒంటి రంగు ముదరబెట్టుకునే పెట్టెల్లాంటి మంచాలవి. అప్పుడు కమిటీలో ఒక పెద్దాయన, "డాక్టరమ్మా, మనవాళ్లకి వాటితో పనేముంది? నల్లబడటానికి మనలో ఎవరైనా డబ్బులు పోస్తారా?" అన్నారు. ఆ ప్రశ్నకి జవాబుగా ఒక అబ్బాయి సంగతి చెబుతాను. పోయిన చలికాలంలో నా దగ్గరికి వచ్చాడు. ఎవరో పోల్చుకోకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను. చెప్పండి మేడమ్, ఇంకొకరికి ఇలా కాకూడదు అని అతనే అన్నాడు.

మాస్టర్స్ చదవడానికి వచ్చిన కుర్రాడు. కుడి మోకాలి కింద అరచేయంత బొల్లి మచ్చ. ఇంటి దగ్గర ఉన్నన్నాళ్లూ వాళ్లమ్మగారు దాని మీద బావంచాల నూనె రాసి, పొద్దున్నే కాసేపు లేత ఎండలో కూర్చోబెట్టేవారట. మచ్చ అంచుల్లో కొద్దికొద్దిగా రంగు కూడా వస్తోంది. ఇక్కడికి పంపేటప్పుడు ఆవిడ ఆవకాయ సీసాల పక్కన ఆ నూనె సీసా కూడా గుడ్డలో చుట్టి పెట్టారు. డిసెంబరు వచ్చింది. ఈ ఊళ్లో డిసెంబరు సంగతి మీకు తెలుసు, సాయంత్రం ఐదు కాకుండానే చీకటి. ఎండ ఉన్న రోజు కూడా ప్యాంటు మడిచి బయట కూర్చోలేం. అతను ఉండే అపార్ట్‌మెంట్లో జిమ్ పక్కనే చిన్న గది, అందులో టానింగ్ బెడ్. అద్దెలోనే వస్తుంది, వేరే డబ్బులు కట్టక్కర్లేదు. ఇంజినీరింగ్ చదివినవాడు కదా, లెక్క వేసుకున్నాడు. ఎండలో పనిచేసేది యూవీ, ఈ పెట్టెలో ఉన్నదీ యూవీ. నూనె రాసుకుని ఎనిమిది నిమిషాలు పడుకున్నాడు.

ఆ రాత్రి ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున చూసుకుంటే కాస్త గులాబీ రంగు, అంతే. సరిపోలేదనుకుని ఆ సాయంత్రం మళ్లీ రాసుకుని పన్నెండు నిమిషాలు పడుకున్నాడు. నాలుగో రోజు పొద్దున నా దగ్గరికి వచ్చేసరికి ప్యాంటు పైకి మడవలేకపోతున్నాడు. మా నర్సు గుడ్డని కత్తెరతో కోసింది. మచ్చ ఉన్నచోట నిమ్మకాయంత బొబ్బ, లోపల పసుపు నీరు నిండి వేలాడుతోంది. చుట్టూ ఇటుక రంగు. ఆ బొబ్బ కింద నుంచి వేలెడు వెడల్పున ఒక చార మొదలై, కాలి మీదుగా దిగి చీలమండ దాకా వెళ్లింది. నూనె కారిన దారి అది. అతని కుడిచేతి మూడు వేళ్ల కొసల మీద కూడా బొబ్బలున్నాయి. ఆ వేళ్లతోనే కదా నూనె రాసుకున్నాడు.

ఇందులో జరిగిందేమిటో చెబుతాను. బావంచాల్లో సోరలిన్ అనే పదార్థం ఉంది. అది చర్మంలోకి ఇంకి కణాల్లో డీఎన్‌ఏ పోగుల మధ్యకి దూరి కూర్చుంటుంది. దానంతట అది పెద్దగా ఏమీ చెయ్యదు. యూవీఏ అనే రకం కిరణం తగిలిన క్షణం ఆ రెండు పోగుల్నీ కుట్టేసినట్టు బిగించేస్తుంది. మన పూర్వులు బావంచాలు రాసి ఎండ చూపించడం వెనక ఉన్న కిటుకు ఇదే. ఈజిప్టులోనూ ఇదే జాతి పదార్థమున్న మొక్కని ఇదే జబ్బుకి వాడేవారు. 1940లలో అక్కడి శాస్త్రవేత్తలు దాన్నుంచి మందు విడదీశారు. 1974లో హార్వర్డ్ డాక్టర్లు సోరలిన్ మాత్ర ఇచ్చి, యూవీఏ దీపాల కింద నిలబెట్టి సోరియాసిస్ అనే పొలుసుల చర్మవ్యాధిని అదుపు చేశారు. అంటే ఇది నాటు వైద్యమని కొట్టిపారేసే విషయం కాదు, చాలా బలమైన మందు. బలమైనది కాబట్టే ఆసుపత్రిలో కొలత పెట్టి ఇస్తాం. పైగా దీని మంట మామూలు ఎండ మంటలాగా రాదు. ఎండకి కందితే ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది. సోరలిన్ దెబ్బ ఒకటి రెండు రోజులు ఆగి మొదలై మూడు నాలుగు రోజులకి ముదురుతుంది. అందుకే మేం ఒక మోతాదు ఇచ్చాక రెండు మూడు రోజులు ఎదురుచూసి, చర్మాన్ని చూసి, ఆ తర్వాతే రెండోది ఇస్తాం. ఈ అబ్బాయికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. టానింగ్ బెడ్ లైట్లలో వచ్చేది ఎక్కువ భాగం యూవీఏనే. సోరలిన్‌కి సరిగ్గా కావలసింది అదే.

పెద్దాయన అడిగిన దానికి ఇదీ జవాబు. నల్లబడాలని కాకుండా మనవాళ్లు వేరే దారుల్లో ఆ గదిలోకి వెళుతున్నారు. బొల్లికి, సోరియాసిస్‌కి, డి విటమిన్‌కి, ఊరికే ఉంది కదా అని. అమెరికాలో పేరున్న 125 కాలేజీల మీద కొన్నేళ్ల కిందట ఒక పరిశోధన చేశారు. దాదాపు సగం చోట్ల క్యాంపస్‌లోనో, పక్కన విద్యార్థులు ఉండే అపార్ట్‌మెంట్లలోనో ఈ బెడ్లు కనిపించాయి. బెడ్లున్న అపార్ట్‌మెంట్లలో నూటికి తొంభైకి పైగా అద్దెకున్నవాళ్లకి వాటిని ఉచితంగానే ఇస్తున్నాయి. ఉచితంగా ఇచ్చేది ప్రమాదమైనది అయ్యుండదని మన మనసుకి ఒక నమ్మకం. స్విమ్మింగ్ పూలు, జిమ్ము, ఆ వరుసలోనే ఇదీ ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది?

ఇప్పుడు అసలు టాన్ అనే మాట దగ్గరికి వస్తాను. మాది నల్గొండ వైపు పల్లెటూరు. నా చిన్నప్పుడు ఊరి చివర తోలు పని చేసే కుటుంబాల వాళ్లకి లందలు, అంటే తోలు నానబెట్టే తొట్లు, ఉండేవి. పచ్చి తోలుని సున్నంలో వేసి, వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క నలగ్గొట్టిన నీళ్లలో రోజుల తరబడి నానబెట్టేవారు. మెత్తగా వేలాడే తోలు ఆ రసం పట్టి గోధుమరంగుకి తిరిగి, బిగిసి, చెప్పులు కుట్టడానికి పనికొచ్చేది. బతుకమ్మలో పేర్చే పసుపు తంగేడు పువ్వు ఉందే, ఆ చెట్టు బెరడే. యూరప్‌లో ఈ పనికి ఓక్ చెట్టు బెరడు వాడేవారు. ఆ బెరడుకి లాటిన్‌లో ఉన్న పేరు నుంచే ఇంగ్లీషులో టాన్ అనే మాట వచ్చింది. మొదట అది తోలు శుద్ధి చేసే పని పేరు. తర్వాతే ఎండకి మాడిన మనిషి ఒంటికి వాడారు.

మన భాషలో ఎండ సంగతి మాట్లాడేటప్పుడు ఏమంటాం? కందిపోయింది అంటాం. కమిలిపోయింది అంటాం. ఊరి నుంచి వచ్చిన పిల్లని చూసి అమ్మమ్మ "ఎండన పడి ఎంత వాడిపోయావే" అంటుంది. ఒక్క మాటైనా అందం గురించి ఉందా? అన్నీ దెబ్బ తగిలిన కాయకి, పువ్వుకి వాడే మాటలు. నేను ఇరవై ఏళ్లుగా మైక్రోస్కోపులో చూస్తున్నదీ అదే. ఎండకి వచ్చిన ఆ రంగు దెబ్బకి చర్మం ఇచ్చిన జవాబు. మన వాళ్లు సరైన మాటే వాడారు.

ఎలాగంటారా, చర్మంలో రంగు మారడం రెండు రకాలుగా జరుగుతుంది. యూవీఏ తగలగానే కొద్ది గంటల్లోనే వచ్చే నలుపు ఒకటి. అందులో కొత్తగా తయారయ్యేది ఏమీ లేదు. ఒంట్లో అప్పటికే ఉన్న మెలనిన్ అనే రంగు పదార్థం, కోసి పెట్టిన వంకాయ ముక్కలాగా గాలికి రంగు మారుతుంది, అంతే. దానివల్ల చర్మానికి రక్షణ ఏమీ రాదు. రెండోది రెండు మూడు రోజుల తర్వాత మొదలయ్యేది. యూవీ తగిలి కణంలో డీఎన్‌ఏ చెడుతుంది. డీఎన్‌ఏ రాతలో పక్కపక్క అక్షరాల్లాంటి ముక్కలు రెండు అతుక్కుపోతాయి. పీ53 అనే కాపలా ప్రోటీన్ ఆ చెడుగుని పసిగట్టి కబురు పంపుతుంది. ఆ కబురుతో రంగు తయారు చేసే కణాలు మేలుకుని మెలనిన్ పంపుతాయి. మెలనిన్ వచ్చి కణం కేంద్రకం మీద గొడుగు పట్టినట్టు కూర్చుంటుంది. వాన పడ్డాక గొడుగు తెచ్చినట్టు. ముందు డీఎన్‌ఏ చెడితేనే ఆ కబురు వెళుతుంది. కాబట్టి దెబ్బ తగలకుండా టాన్ తెప్పిస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఆ చెడిన అక్షరాల్ని ఒంట్లోనే కొన్ని ఎంజైములు కత్తిరించి బాగుచేస్తూ ఉంటాయి. హైదరాబాదులో చదువుకునేటప్పుడు మా వార్డులో ఒక పిల్లవాడు ఉండేవాడు, ఏడేళ్లు. మేనరికం పెళ్లి. ఆ బాగుచేసే ఎంజైము పుట్టుకతోనే లేదు. ముఖమంతా నల్లమచ్చలు, ముక్కు మీద అప్పటికే ఒక క్యాన్సర్ కోసి తీశారు. వెలుతురు చూడలేక కళ్లు మూసుకునే మాట్లాడేవాడు. వాళ్లమ్మ గొంగడి కప్పి వరండా దాటించేది. యూవీ అనగానే నాకు ఆ గొంగడి గుర్తొస్తుంది. మనకి ఆ ఎంజైములు ఉన్నాయి కాబట్టి రోజూ ఎండలో తిరిగినా ఆ గతి పట్టలేదు. అలాగని వాటిమీద ఎంత భారమైనా వెయ్యొచ్చని కాదు. ప్రతిసారీ కొన్ని తప్పులు మిగిలిపోతాయి, అవి పోగుపడతాయి.

మన ఎండలో పెరిగిన వాళ్లకి ఈ మంచం దగ్గర ఇంకో మోసం ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం. ఎండని మనం వేడితో కొలుస్తాం. నెత్తి మాడితే తువ్వాలు చుట్టుకుంటాం, కాళ్లు కాలితే చెట్టుకిందకి పరిగెడతాం. ఆ వేడి కలిగించేది వేరే కిరణం. యూవీ కంటికి కనిపించదు, ఒంటికి వేడిగా తగలదు. టానింగ్ బెడ్‌లో ఫ్యాన్లు తిరుగుతుంటాయి, పాట వినిపిస్తుంది, హాయిగా నిద్ర పడుతుంది. పెద్ద యంత్రాల్లో వచ్చే యూవీఏ మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉన్నదానికి 10 నుంచి 15 రెట్లు ఉండొచ్చు. ఎండ అయితే ఒక వైపు నుంచి తగులుతుంది, నీడ ఉంటుంది, బట్టలుంటాయి. ఇక్కడ పైనా కిందా దీపాలు, ఒంటి మీద నూలుపోగు ఉండదు. చిన్నప్పటి నుంచి మనల్ని కాపాడిన ఆ "అబ్బా, కాలుతోంది" అనే కేక ఇక్కడ నోట రాదు.

సరే, చర్మం మీద ఏమేం వస్తాయో చూద్దాం. అన్నిటికంటే ఎక్కువ చూసేది కందిపోవడం. మూడు నుంచి ఆరు గంటల్లో ఎర్రబడి, ఒక రోజుకి ముదిరి, వారంలో పొట్టు రాలుతుంది. మన ఛాయలో ఎరుపు సరిగా కనపడదు. కాబట్టి ఎర్రబడలేదు కదా అని కాకుండా, ముట్టుకుంటే మండుతోందా, చొక్కా తగిలితే చురుక్కుమంటోందా అని చూసుకోవాలి. తర్వాత వచ్చేది దురద పొక్కులు. ఛాతీ పైభాగం, ముంజేతుల బయటివైపు, చిన్న చిన్న గట్టి పొక్కులు గుంపులుగా వస్తాయి. వాటిని చాలామంది చెమటకాయలని పౌడరు అద్దుకుంటారు. అది వెలుతురు ఒంటికి సరిపడక వచ్చే ఎలర్జీ లాంటిది. చలికాలమంతా ఒళ్లు కప్పుకుని ఉండి ఒక్కసారిగా యూవీ తగిలినవాళ్లకి ఎక్కువగా వస్తుంది. ఒక అమ్మాయి డి విటమిన్ తక్కువ ఉందని, జిమ్‌లో ఎవరో చెప్పారని వెళ్లి ఇలాగే వచ్చింది. పొక్కులు పది రోజుల్లో తగ్గాయి. అవి మిగిల్చిన నల్లమచ్చలు పోవడానికి ఏడెనిమిది నెలలు పట్టింది. మన చర్మానికి అదొక గుణం, ఏ చిన్న మంట వచ్చినా దాని గుర్తుగా నలుపు ఉంచుకుంటుంది. మంగు మచ్చలున్న ఆడవాళ్లు ఆ గది గడప తొక్కకపోవడమే మేలు. రెండేళ్లు మందు రాసి తగ్గించుకున్న మంగు కొద్ది సిట్టింగులకే తిరిగొస్తుంది. శోభి ఉన్నవాళ్లకి చుట్టూ నలుపెక్కి ఆ తెల్లమచ్చలు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కొందరు వీపు మీద రెక్కల ఎముకల దగ్గర రెండు పాలిపోయిన మచ్చలు చూపించి బొల్లి వచ్చిందేమోనని హడలిపోయి వస్తారు. వెల్లకిలా పడుకున్నప్పుడు ఎముక అద్దానికి ఒత్తుకుని అక్కడ రక్తం ఆడదు. ఆక్సిజన్ అందనిచోట యూవీఏ రంగు పట్టదు. అదీ దాని సంగతి.

కళ్లు. కళ్లజోడు ఇస్తారు, ముఖం మీద గుండ్రంగా మచ్చ పడుతుందని చాలామంది పెట్టుకోరు. రెప్పలు మూసుకుంటే చాలనుకుంటారు. ఒంట్లో అన్నిటికంటే పలుచని చర్మం కనురెప్పదే. ఆ రాత్రి కంట్లో గుప్పెడు ఇసుక పోసినట్టు ఉంటుంది, నీళ్లు కారతాయి, దీపం చూడలేరు. అది రెండు రోజుల్లో తగ్గుతుంది. మళ్లీ మళ్లీ జరిగితే శుక్లాలు త్వరగా రావచ్చు, కంటి లోపల మెలనోమా, అంటే రంగు కణాల్లో పుట్టే ప్రమాదకరమైన క్యాన్సర్, కూడా రావచ్చు.

ఇక మందులు. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ హాల్లో సగం మంది బ్యాగుల్లో వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. మొటిమలకి ఇచ్చే డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినోయిన్, రాత్రి పూట ముఖానికి రాసుకునే రెటినాయిడ్ క్రీములు. బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్. మోకాళ్ల నొప్పికి వేసుకునే నాప్రోక్సెన్. మూత్రంలో మంటకి వాడే సిప్రోఫ్లాక్సాసిన్. వీటిలో ఏదున్నా మామూలుగా తట్టుకునే యూవీకే చర్మం కాలిపోవచ్చు. నాప్రోక్సెన్ వేసుకుని టానింగ్‌కి వెళ్లేవాళ్లలో చేతుల వెనక చిన్న దెబ్బకే చర్మం లేచిపోయి బొబ్బలు రావడం కూడా ఉంది. రాసుకునేవాటి సంగతీ అంతే. మన నిమ్మకాయలో బావంచాల సోరలిన్‌కి దగ్గరి చుట్టాలైన పదార్థాలున్నాయి. ముఖం తేటగా ఉంటుందని నిమ్మచెక్క రుద్దుకునే అలవాటు మనకి ఉంది. అంజూరం పాలు కూడా ఇలాంటివే. ఇండియా నుంచి తెప్పించుకునే ఛాయ పెంచే క్రీముల్లో కొన్నిట్లో స్టెరాయిడ్ కలుస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది, దానిమీద ఈ వెలుతురు పడితే ఏమవుతుందో మీరే ఊహించుకోవచ్చు. ఒంటి రక్షణ శక్తి ఒంటి మీదే తిరగబడే లూపస్ అనే జబ్బు ఉన్నవాళ్లకి కీళ్ల నొప్పులతో సహా జబ్బు తిరగబెడుతుంది. పెదవి మీద జ్వరం పొక్కులు తరచూ వచ్చేవాళ్లకి అవి మళ్లీ లేస్తాయి.

అక్కడే అడుగుతున్నారు, కాలితే ఏం చెయ్యాలని. చల్లని నీళ్లలో తడిపిన మెత్తని గుడ్డ వేస్తూ ఉండండి. మంచుగడ్డ వద్దు, టూత్‌పేస్ట్ వద్దు, పసుపు ముద్దా వద్దు. బొబ్బని చిదమొద్దు, పైనున్న ఆ పొరే మంచి కట్టు. నీళ్లు బాగా తాగండి. జ్వరం, వాంతులు, అరచేతి కంటే ఎక్కువ మేర బొబ్బలు, వీటిలో ఏదొచ్చినా ఆసుపత్రికి వెళ్లండి. బిల్లు భయంతో ఆగిన పిల్లల్ని చూశాను, ఆలస్యమైన కొద్దీ బిల్లు పెరిగిందే గాని తగ్గలేదు.

క్యాన్సర్ మాటకొద్దాం. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఉంది. 2009లో ఆ సంస్థ యూవీ టానింగ్ యంత్రాల్ని మనుషుల్లో క్యాన్సర్ తెప్పిస్తాయని రూఢి అయిన మొదటి గ్రూపులో చేర్చింది. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న గ్రూపు అది. ఒక్క సిట్టింగు ఒక్క సిగరెట్టుతో సమానమని దానర్థం కాదు. క్యాన్సర్ తెస్తుందనడంలో అనుమానం మిగల్లేదని అర్థం. 2012లో అనేక పరిశోధనల్ని కలిపి లెక్క వేస్తే, ఎప్పుడైనా వాడినవాళ్లకి మెలనోమా ముప్పు సుమారు 20 శాతం, 35 ఏళ్లలోపు మొదలుపెట్టినవాళ్లకి దాదాపు 59 శాతం ఎక్కువని తేలింది. అదే ఏడాది వచ్చిన ఇంకో లెక్కలో స్క్వేమస్ రకం చర్మ క్యాన్సర్ ముప్పు 67 శాతం ఎక్కువ. ఒక్క అమెరికాలోనే ఏటా 4 లక్షలకి పైగా చర్మ క్యాన్సర్లకి ఈ మంచాలతో సంబంధం ఉండొచ్చని 2014లో అంచనా వేశారు.

"అది ఎండ వల్ల వచ్చిందేమో, మంచం వల్లే అని ఎలా చెబుతారు?" అని నన్ను చాలామంది అడిగారు. ఐస్‌లాండ్ చూడండి. ఉత్తరాన ఆర్కిటిక్‌కి ఆనుకున్న ద్వీపం, ఎండే అపురూపం. అక్కడ టానింగ్ బెడ్లు బాగా వ్యాపించాక 1990లలో యువతుల్లో మెలనోమా ఒక్కసారిగా ఎగబాకింది. అదీ బట్టల కింద ఉండే వీపు, నడుము భాగాల్లో. 2000 తర్వాత దాని మీద ప్రచారం చేసి వాడకం తగ్గించాక కేసులూ తగ్గుముఖం పట్టాయి. మెల్‌బోర్న్‌లో క్లేర్ ఆలివర్ అనే అమ్మాయి 26 ఏళ్లు నిండిన కొద్ది రోజులకే, 2007 సెప్టెంబరులో మెలనోమాతో పోయింది. చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద నుంచే టీవీల వాళ్లతో మాట్లాడుతూ, ఈ యంత్రాల జోలికి వెళ్లొద్దని తన వయసు పిల్లలకి చెబుతూనే పోయింది. ఆ తర్వాత ఆస్ట్రేలియా రాష్ట్రాలు ఒక్కొక్కటే చట్టాలు బిగించి, 2015, 2016 వచ్చేసరికి దేశమంతటా వ్యాపారంగా నడిపే బెడ్లని నిషేధించాయి. అందరికంటే ముందు, 2009లోనే, అందం కోసం వాడే ఈ మంచాల్ని పూర్తిగా నిషేధించిన దేశం బ్రెజిల్. అమెరికాలో అలాంటిది లేదు. 2012 నుంచి కాలిఫోర్నియాలో 18 ఏళ్లలోపు వాళ్లకి మొత్తానికి నిషేధం, తర్వాత ఇంకొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. కొన్ని రాష్ట్రాల్లో అమ్మానాన్నల సంతకం ఉంటే పంపిస్తారు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలున్న తల్లిదండ్రులకి చెబుతున్నాను. ప్రామ్ అనే స్కూలు డాన్సు పార్టీకి ముందు, ఛీర్ టీమ్‌లో స్నేహితులందరూ వెళుతున్నారని, ఒక కాగితం మీ ముందుకి వస్తుంది. పిల్ల ఒంటరిదైపోతుందేమోనని మనసు కరుగుతుంది. సంతకం మాత్రం పెట్టకండి. రంగు కావాలని అంతగా ఉంటే పైన పూసుకునే లోషన్లున్నాయి, చర్మం పైపొరకి మాత్రమే రంగు పట్టి వారంలో పోతుంది. స్ప్రే కొట్టించుకుంటే కళ్లకి, పెదవులకి, ముక్కులోకి పోకుండా చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో అమ్మే టానింగ్ ముక్కు చుక్కలు, ఇంజెక్షన్లు ముట్టుకోవద్దు, వాటికి ఎవరి అనుమతీ లేదు.

మన ఛాయ వాళ్లకి మెలనోమా తక్కువే కదా అంటే, తక్కువే. దాచను. మెలనిన్ మనకి పుట్టుకతో వచ్చిన ఆస్తి. మనలో వచ్చే మెలనోమా ఎక్కువగా అరికాలు, అరచెయ్యి, గోరు కింద వస్తుంది, దానికి యూవీతో పెద్దగా సంబంధం లేదు. కానీ ఆ ఉన్న ఆస్తిని తగలేసుకోవడానికి కారణమేముంది? మంగు, మచ్చలు, బొబ్బలు, ముడతలు, శుక్లాలు, ఇవి ఛాయ చూసి ఆగవు. ముందుగా కొంచెం టాన్ చేయించుకుంటే బీచికి వెళ్లినప్పుడు కాలదంటారు, అది ఎస్‌పీఎఫ్, అంటే ఎండ నుంచి కాపాడే కొలత, మూడో నాలుగో ఉన్న క్రీముతో సమానం. డి విటమిన్ తయారవ్వాలంటే యూవీలో ఇంకో రకమైన యూవీబీ కావాలి, ఈ యంత్రాల్లో చాలావాటిలో అది కొద్ది శాతమే. పెద్దవాళ్లకి రోజుకి 600 యూనిట్లు చాలంటారు, అది చిన్న మాత్రలో దొరుకుతుంది. మీ రక్తంలో బాగా తక్కువ ఉంటే ఎంత వేసుకోవాలో మీ డాక్టరు చెబుతారు.

ఆపలేకపోతున్నాం మేడమ్ అనేవాళ్లు కూడా నా దగ్గరికి వస్తారు. యూవీ తగిలినప్పుడు చర్మంలో నల్లమందు జాతికి చెందిన ఎండార్ఫిన్ తయారవుతుంది. తరచూ వెళ్లేవాళ్లకి నల్లమందు పనిని అడ్డుకునే మాత్ర ఇచ్చి చూస్తే, కొందరికి వణుకు, వికారం వచ్చాయి. వాళ్లని బలహీనులని తిట్టకండి, దాన్నొక అలవాటు జబ్బుగా చూసి సాయం చెయ్యండి.

సోరియాసిస్, బొల్లి ఉన్న పిల్లలు నా మాట వినండి. మీకు కావలసిన వెలుతురు వేరు. ఆసుపత్రిలో మేం ఇచ్చేది 311 నానోమీటర్ల దగ్గర సన్నగా ఒకే పట్టీలో వచ్చే యూవీబీ. ప్రతి సిట్టింగుకీ మోతాదు కొలిచి, రాసిపెట్టి, ముందురోజు చర్మం ఎలా ఉందో చూసి పెంచుతాం. ఇన్సూరెన్సుతో వారానికి మూడుసార్లు తిరగలేకపోతే, డాక్టరు చీటీతో ఇంట్లో పెట్టుకునే చిన్న యూనిట్లు ఉన్నాయి. చేతిలో పట్టుకునేవి కూడా ఉన్నాయి. అడగడానికి సిగ్గుపడొద్దు. ఇంటి నుంచి అమ్మ పంపిన మందు ఏదైనా సరే, నూనె గానీ, లేహ్యం గానీ, సీసా తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టండి. ఎవరినీ ఏమీ అనను. అందులో ఏముందో చూసి చెబుతాను.

కార్యక్రమం అయ్యాక పక్క గదిలో నేను, నా సహచరురాలు ఇద్దరం ఉంటాం. పుట్టుమచ్చ ఏదైనా రెండు సగాలూ ఒకేలా లేకపోయినా, అంచు చిందరవందరగా ఉన్నా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులున్నా, పెన్సిల్ వెనక రబ్బరు కంటే పెద్దగా ఉన్నా, ఈమధ్య మారుతున్నట్టు అనిపించినా వచ్చి చూపించండి. అరికాళ్లు కూడా చూస్తాం, మేజోళ్లు విప్పి రండి.

ఆ వెనక నుంచి చెయ్యెత్తారు, అడగండమ్మా.

(సభలో ఒకావిడ: ఆ అబ్బాయి ఇప్పుడెలా ఉన్నాడు డాక్టరుగారూ?)

బొబ్బ మానడానికి నెల పట్టింది. వాళ్లమ్మగారు ఫోనులో చాలాసేపు ఏడ్చారు, నేనే పంపాను కదమ్మా అని. మీ తప్పు కాదమ్మా, అక్కడి పొద్దుటెండ వేరు, ఈ దీపం వేరు అని చెప్పాను. బొల్లి ఉన్న ఒంటికి గాయమైతే, ఆ గాయమైన చోట కూడా రంగు పోవచ్చు. నూనె కారిన ఆ చార మూడు నెలలకి తెల్లబడింది, మోకాలి కింద నుంచి చీలమండ దాకా. ఇప్పుడు వారానికి మూడుసార్లు మా దగ్గరికి వస్తున్నాడు, యూవీబీ ఇస్తున్నాం. బొల్లిలో రంగు తిరిగొచ్చేటప్పుడు వెంట్రుకల కుదుళ్ల చుట్టూ మొదలవుతుంది, ఎందుకంటే రంగు కణాలు అక్కడ దాక్కుని ఉంటాయి. పోయిన మంగళవారం చూశాను. పిక్క మీద, చార పైసగంలో, మిరియాలు చల్లినట్టు చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు వచ్చాయి. అతనే ఫోను లైటు వేసి వేలితో లెక్కపెట్టి చూపించాడు. చీలమండ దగ్గర వెంట్రుకలు తక్కువ, అక్కడ ఇంకా ఏమీ రాలేదు.